శుక్లము పండువరకు ఆగవలెనా?

పెద్దల కంట శుక్లము కనబడగానే "ఇంకా పండలేదు, పండిన తరువాత తీయింతము" అనుట మీరును వినియుందురు. ఈ మాట ఉత్తది కాదు. వెనుకటి శస్త్రచికిత్సలో పండిన శుక్లమే సులువుగా వెలుపలికి వచ్చెడిది గనుక వైద్యులే ఆగుమనెడివారు. 1967లో అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ చెవికి వినబడని ధ్వని తరంగములతో శుక్లమును చిదిపి పీల్చివేయు పద్ధతిని తెచ్చెను. నేడు పండని శుక్లమును సయితము తీసి, కృత్రిమ కటకమును అమర్చుచున్నారు. కాలము మారినను మాట మారలేదు.

ఆగినందున వచ్చు కీడు మసక మాత్రమే కాదు. కంటిలోపల ఒక పలుచని నీరు నిత్యము ఊరుచు, నల్లగ్రుడ్డు అంచునగల జల్లెడవంటి దారిని పోవుచుండును. ఇది కన్నీరు కాదు. శుక్లము ముదిరి ఉబ్బినయెడల, కంటిపాప చుట్టునున్న తెరను ముందుకు నెట్టి ఆ దారిని మూయును. మరీ ముదిరినచో దానిలోని మాంసకృత్తులు కారి ఆ జల్లెడ పూడిపోవును. సాధారణముగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసమంత ఉండు కంటి ఒత్తిడి రెండింతలు, మూడింతలై చూపు నరమును నలిపివేయును. దీనినే గ్లాకోమా, నీటికాసులు అందురు. శుక్లము తీసిన చూపు వచ్చును గాని, చచ్చిన నరము తిరిగి బ్రతుకదు.

మా పిన్నమ్మగారు వరికోతలు కానిమ్మని ఆగిరి. ఒకరాత్రి తల పగులు నొప్పి, వాంతులు. పైత్యమని ఇంటివారు శొంఠి కషాయము ఇచ్చిరి. తెల్లవారి నేను వెళ్లునప్పటికి కన్ను నిప్పువలె ఎఱ్ఱబడియుండెను. ఆస్పత్రిలో ఒత్తిడి తగ్గించి శుక్లము తీసిరి. నొప్పి పోయెను, ఆ కంట వెలుతురు జాడ తప్ప మరేమియు మిగులలేదు. "పండిన చేను కోయకపోతే రాలిపోతుందని తెలుసు గాని, కన్నూ అంతేనని తెలియలేదు నాయనా" అనిరి. రెండవ కంటికి ఆమె ఆగలేదు. నేడు ఆ కంటితోనే బియ్యములో వడ్లగింజలు ఏరుచున్నారు.

ఓర్పు గొప్ప గుణమని నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని. అయితే తప్పని బాధను భరించుట ఓర్పు. తప్పించుకొనదగినదానిని వాయిదావేయుట జాగు. రెంటిని ఒకటిగా ఎంచకుడి.

1976లో ఆరంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆస్పత్రులలో శుక్లములను ఉచితముగా తీయుదురు. ఈ సాయంకాలమే మీ యింటి పెద్దలను ఒక్కొక్క కన్ను మూయించి, గోడమీది క్యాలెండరు కనబడుచున్నదా అని అడుగుడి. శుక్లమున్న కన్ను ఎఱ్ఱబడి, నొప్పితో వాంతులైనచో, తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే కంటి వైద్యునియొద్దకు తీసికొనిపొండి.