వెలుగని దీపము

మ్రోగిన గంటను అందఱును విందురు. మ్రోగవలసిన వేళ మ్రోగని గంటను గమనించువారు అరుదు. గృహమందైనను, పాఠశాలయందైనను, యంత్రమునందైనను ఇది సత్యమే. తెనాలి పట్టణమున టాక్సీ నడుపు ఒక డ్రైవరు 2012వ సంవత్సరపు శీతకాలమున ఈ సత్యమును కొంత నష్టపడి, కొంత సిగ్గుపడి తెలిసికొనెను.

అతని జీవనాధారము ఒక పాత అంబాసిడరు కారు. ఆ జాతి కార్లు పశ్చిమ బెంగాలు రాష్ట్రమునందలి ఉత్తరపారాలో 2014వ సంవత్సరము వఱకు తయారైనవి. విశాలమైన ఆసనములు గల ఆ కారులో రోగులును వృద్ధులును సుఖముగా కూర్చుండగలరు. మూత్రపిండములు చెడిన ఒక వృద్ధురాలిని వారమునకు మూడు మారులు గుంటూరునకు డయాలిసిస్ చికిత్సకై తీసికొనిపోవు పని అతనికి కుదిరియుండెను. ఆసుపత్రిలో ఆమె వంతు ప్రాతఃకాలమున వచ్చును. కావున తెల్లవారుజామున నాలుగు గంటలకే కారు బయలుదేరవలెను.

ఆ మార్గశిరమున కారు మొరాయింప మొదలిడెను. పగటివేళ ఏ లోపమును కానరాదు. రాత్రివేళ ముందు దీపములు మసకబారును. ఉదయమున సెల్ఫు మూలుగును. ఒకనాడు కారు అసలే కదలలేదు. డ్రైవరు బ్యాటరీ దుకాణమునకు పోయి, పాత బ్యాటరీ నిచ్చి, కొంత సొమ్ము అప్పు పెట్టి క్రొత్తది తెచ్చుకొనెను. వారము తిరుగకముందే క్రొత్త బ్యాటరీయు చల్లబడెను. వృద్ధురాలి కుమారుడు ఆ చీకటిలో వేఱొక బండిని వెదకుకొని పోవునప్పటికి వంతు దాటిపోయెను. కాళ్లు వాచిన ఆ తల్లి మధ్యాహ్నము వఱకు ఆసుపత్రి బల్లపై కూర్చుండవలసి వచ్చెను.

డ్రైవరు దుఃఖము కోపముగా మాఱెను. అతడు దుకాణమునకు పోయి, "పాత సరుకునకు రంగు పూసి నాకు అంటగట్టితివి!" అని నలుగురు వినునట్లు కేకలు వేసెను. దుకాణదారుడు ఎంత చెప్పినను వినలేదు. కారును తుక్కు క్రింద అమ్మివేయుదునని నిశ్చయించుకొని, కడపటి యత్నముగా గుంటూరు దారిలో షెడ్డు గల ఒక వృద్ధ మేస్త్రి వద్దకు దానిని త్రోయించుకొని పోయెను.

మేస్త్రి వద్ద పని నేర్చుకొను కుఱ్ఱవాడొకడు కలడు. సంగతి వినగానే వాడు, "ఆల్టర్నేటరు పోయినది గురువుగారూ! మొత్తము క్రొత్తది వేయుదము" అనెను.

"ఏమి చెడినదో తెలియకముందే ఏమి మార్చవలెనో నీ కెట్లు తెలిసినది?" అని మేస్త్రి అడిగెను. వాడు తల వంచుకొనెను.

కారునకు బ్యాటరీ గాదె వంటిది. ఆల్టర్నేటరు దానిలో ధాన్యము పోయు రైతు వంటిది. రైతు మంచమెక్కినచో, గాదె యెంత క్రొత్తదైనను ఎన్నినాళ్లు నిండియుండును? పాతకాలపు డీజిలు ఇంజను ఒకసారి రగిలినచో విద్యుత్తు లేకున్నను తిరుగుచుండును. అందుచేతనే పగటివేళ లోపము బయటపడలేదు.

మేస్త్రి మొదట బ్యాటరీని పగలంతయు ఛార్జి చేయించి, రాత్రి దానిని ఊరక ఉంచెను. మఱునాడు మీటరు పెట్టి చూడగా 12.6 వోల్టులు నిలిచియుండెను. "బ్యాటరీ నిక్షేపముగా ఉన్నది" అని మేస్త్రి అనెను. డ్రైవరు మాటాడలేదు.

పిదప ఆల్టర్నేటరును త్రిప్పు బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూచెను. అది సుమారు అర అంగుళము మాత్రమే వంగెను. బిగువు సరిగానే ఉన్నది. ఇంజను నడిపించి మరల మీటరు పెట్టెను. ఆల్టర్నేటరు పనిచేయుచున్నచో ముల్లు 14 వోల్టుల దరిదాపునకు చేరవలెను. ఇంజను వేగము పెంచినను అది 12.3 దాటలేదు. కుఱ్ఱవాడు ఉత్సాహముతో, "బ్యాటరీ తీగను ఊడదీసి ఇంజను నిలుచునో లేదో చూతునా?" అని పానా పట్టుకొని ముందునకు వచ్చెను.

మేస్త్రి వాని చేయి పట్టుకొనెను. "అది డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటరు తిరుగుచుండగా బ్యాటరీని తీసివేసినచో వోల్టేజి ఒక్కమారుగా ఎగసి లోపలి డయోడులను కాల్చివేయును. పరీక్ష పేరిట చేటు తేరాదు."

ఆపై ఇంజను ఆపి, డ్రైవరు నడిగెను: "అబ్బాయీ, తాళము త్రిప్పగానే ఎఱ్ఱ దీపము వెలుగుచున్నదా?"

"లేదు బాబాయీ! అది వెలిగి చాల దినములైనది. అందుచేతనే ఛార్జింగునకు లోపము లేదనుకొంటిని."

"అక్కడనే పొరపడితివి" అని మేస్త్రి నెమ్మదిగా చెప్పెను.

1831వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున మైకేల్ ఫారడే అను శాస్త్రజ్ఞుడు, తీగచుట్ట చెంత అయస్కాంతము కదలినచో ఆ తీగయందు విద్యుత్తు పుట్టునని ప్రయోగము చేసి చూపెను. ఆల్టర్నేటరునకు మూలము ఆ సూత్రమే. దాని నడుమ తిరుగు భాగము విద్యుదయస్కాంతము. అది అయస్కాంతముగా మాఱుటకు మొదట కొంచెము విద్యుత్తు కావలెను. తాళము త్రిప్పగానే ఆ విద్యుత్తు బ్యాటరీనుండి ఎఱ్ఱ దీపము ద్వారా వచ్చి, రెండు బొగ్గు బ్రష్షుల మీదుగా తిరుగు చుట్టలోనికి పోవును. అప్పుడు దీపము వెలుగును. ఇంజను తిరిగి ఆల్టర్నేటరు పనిచేయగానే దీపమునకు రెండు వైపుల వోల్టేజి సమానమగును, దీపము ఆఱును. కావున ఆ దీపము మొదట వెలుగవలెను, పిదప ఆఱవలెను. వెలుగకుండుట క్షేమమునకు గుర్తు కాదు. దారి తెగినదనుటకు గుర్తు.

ఆ దారి ఎక్కడ తెగినది? మేస్త్రి ఆల్టర్నేటరునుండి దీపపు తీగను విడదీసి, తాళము త్రిప్పించి, తీగకొనను ఇంజను లోహమునకు తాకించెను. ఎఱ్ఱ దీపము వెలిగెను! దీపమును తీగయు మంచివే. లోపము ఆల్టర్నేటరు లోపలనే కలదని తేలెను.

ముందుగా బ్యాటరీ తీగ తీసివేసి, ఆల్టర్నేటరును దించి విప్పిరి. బ్రష్షులు అరిగి అరిగి పెసరబద్దలంత మిగిలియున్నవి. వెనుకనున్న స్ప్రింగులు త్రోసినను అవి రాగి రింగులను అందుకొనలేకున్నవి. రింగులపై నల్లని మసి పేరుకొని యున్నది. చుట్టలును డయోడులును చెక్కు చెదరలేదు. కుఱ్ఱవాడు సన్నని ఎమెరీ కాగితముతో రింగులను రుద్ది మెఱపించెను. బజారునుండి తెచ్చిన చిన్న బ్రష్షుల జతను మేస్త్రి వాని చేతనే అమర్పించెను.

మరల బిగించి తాళము త్రిప్పగా ఎఱ్ఱ దీపము వెలిగెను. ఇంజను రగులగానే ఆఱెను. మీటరు 14.1 చూపెను. ముందు దీపములన్నియు వేసినను ముల్లు పెద్దగా దిగలేదు. క్రొత్త ఆల్టర్నేటరు వెలతో పోల్చినచో ఆ బ్రష్షులకైన ఖర్చు స్వల్పము.

డ్రైవరు కూలి చెల్లించి రెండు చేతులు జోడించెను. మేస్త్రి చేతులు తుడుచుకొనుచు, "కారు సంగతి తీఱినది. దుకాణమువాని సంగతి మిగిలినది కదా" అనెను.

డ్రైవరు ముఖము చిన్నబోయెను. అతడు ఇంటికి పోక తిన్నగా దుకాణమునకే పోయెను. ముందటివలెనే అచ్చట నలుగురు ఉండిరి. వారు వినుచుండగనే, "అన్నా, నీ బ్యాటరీ మంచిదే. తప్పు నా కారులో నున్నది. అంతకంటె పెద్ద తప్పు నా నోటిలో నున్నది. మన్నింపుము" అనెను.

దుకాణదారుడు కొంతసేపు ఊరకుండి, "నేనును ఒక మీటరు పెట్టి చూచి యుండవలసినది. చూడకయే అమ్మితిని. తప్పు నీ ఒక్కనిది కాదు" అని కూర్చుండబెట్టి తేనీరు తెప్పించెను.

మఱునాడు మంచు దట్టముగా కురియుచుండెను. నాలుగు గంటలకు వృద్ధురాలు కుమారుని భుజము నానుకొని వచ్చి కారులో కూర్చుండెను. డ్రైవరు తాళము సగము త్రిప్పి ఆగెను. "మరల ఏమైనది నాయనా?" అని ఆమె భయపడుచు అడిగెను.

"ఏమియు లేదు అమ్మా. దీపము వెలిగినదో లేదో చూచుచున్నాను" అని అతడు బదులు పలికెను.

చీకటిలో ఎఱ్ఱని చుక్కవలె అది వెలిగి, ఇంజను రగులగానే ఆఱిపోయెను. కారు గుంటూరు దారి పట్టెను.