తొమ్మిదో రోజు మందు

జిద్దా పాతబస్తీ బలద్‌లో ఒక చిన్న క్లినిక్‌లో నర్సును. పగడపు రాతి ఇళ్లు, చెక్క రోషన్ కిటికీలు చూడటానికి ఈ పేటకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. నా దగ్గరికొచ్చేది మాత్రం చుట్టుపక్కల అద్దె ఇళ్లలో కాపురముండే మన కడప, గోదావరి, హైదరాబాదు వాళ్లు. ఒకే ఫ్లాటులో రెండు కుటుంబాలు, పిల్లలంతా ఒకే పరుపు మీద. పేలు పాకడానికి అది చాలు.

తల్లులు ఆ మాట అనరు. "చుండ్రేమో సిస్టరమ్మా, గోక్కుంటాంది" అంటారు. నేను పాయలు తీసి చెవుల వెనక, మెడ పైన చూస్తాను. గోటితో కదిపితే రాలేది చుండ్రు. వెంట్రుకను పట్టుకుని కదలనిది ఈపి. మాడుకు ఆరు మిల్లీమీటర్ల లోపు గోధుమ రంగులో ఉంటే అందులో ప్రాణం ఉండొచ్చు. అంతకు పైన ఉన్న తెల్లనివి చాలావరకు ఖాళీ డొల్లలు, వాటి కోసం మందు పెట్టకూడదు. కదిలే పేను దొరకాలి. తడి జుట్టుకు కండిషనర్ రాసి, పేల దువ్వెనతో మాడు నుంచి కొస దాకా దువ్వి, తెల్ల టిష్యూకు తుడుస్తాను. నువ్వుగింజంత పురుగు కాళ్లాడిస్తూ బయటపడుతుంది.

"రోజు మార్చి రోజు తలకు పోస్తాండా కదా, యాడివి ఇవి?" అని ఆ తల్లి తల వంచుకుంటుంది. నాకు బాధేస్తుంది. శుభ్రమైన తలలోనూ నెత్తురు ఉంటుందమ్మా, పేనుకు కావలసింది అదే. ఎగరదు, దూకదు. తలకు తల ఆనితే పాకుతుంది. మొదటిసారి పట్టినప్పుడు దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అందుకే దురద లేని తమ్ముణ్నీ కూర్చోబెట్టి చూస్తాను.

ఊరి నుంచి తెచ్చిన సీతాఫలం గింజల పొడి వాడొద్దని గట్టిగా చెబుతాను. అది కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది. కిరోసిన్ మాటే ఎత్తనివ్వను. గుండు గీయించి ఆడపిల్లను ఏడిపించడమూ అక్కర్లేదు.

డాక్టరు రాసేది సాధారణంగా ఒక శాతం పర్మెత్రిన్ లోషన్. కండిషనర్ లేకుండా తలంటి, తువ్వాలుతో అద్ది, తడి జుట్టుకే పట్టించి పది నిమిషాలకు కడిగేయాలి. రెండు నెలల లోపు పసిబిడ్డకు పనికిరాదు. మందుకు లొంగని పేలూ ఉన్నాయి, వాటికి డైమెతికోన్ ఇస్తారు. చాలామంది తప్పేది రెండో విడత దగ్గరే. మొదటి మందుకు ఈపులన్నీ చావవు. మిగిలినవి ఏడు నుంచి తొమ్మిది రోజుల్లో పగులుతాయి. ఆ కూనలు ఎదిగి గుడ్లు పెట్టకముందే, తొమ్మిదో రోజున మళ్లీ పట్టించాలి. ఆ తేదీని డబ్బా మీద పెన్నుతో నేనే రాసిస్తాను.

తల విడిచిన పేను రెండు రోజులకు మించి బతకదు. ఇంటినిండా పురుగుల స్ప్రే కొట్టక్కర్లేదు, గలేబులు వేడినీళ్లలో ఉతికితే చాలు. బడి మానిపించే పనీ లేదు.

కష్టమంతా పక్క గది వాళ్లకు చెప్పడంలోనే ఉంది. చెప్పకపోతే వాళ్ల పిల్లల నుంచి మళ్లీ వస్తాయి. "ఎట్లా చెప్పాలక్కా, తిడతాదేమో" అని నసుగుతారు. "నువ్వేం చెప్పొద్దు, పిల్లల్తో సహా నా దగ్గరికి పిల్చుకురా" అంటాను. వస్తారు. ఇద్దరు తల్లులనీ పక్కపక్కనే కూర్చోబెట్టి, చెరొక దువ్వెనా చేతికిచ్చి, ఎలా దువ్వాలో చూపిస్తాను.