పఠనఫలకములు

పుస్తకమునకు రెండు గుణములు ముఖ్యములు: అక్షరము కంటికి హాయిగా నుండవలెను, కోరిన వేళ పుస్తకము చేతికి దొరకవలెను. నేడు మా మహబూబ్‌నగరపు ఇండ్లలోనికిని వచ్చుచున్న ఈ-బుక్ రీడర్లను ఈ రెంటితోడనే తూచి చూచుట న్యాయము.

ఎలక్ట్రానిక్ సిరాతో పనిచేయు రీడరులో అతిసూక్ష్మములైన గుళికలుండును. వానిలోని నల్లని, తెల్లని కణములు విద్యుద్బలముచే పైకిని క్రిందికిని కదలి అక్షరరూపము దాల్చును. నిలిచియున్న పుటకు కరెంటు అక్కరలేదు. పుట మార్చునప్పుడే వ్యయమగును. కావున ఒక్కమారు చార్జి చేసిన దినములకొలది నడచును. పాలమూరి వేసవిలో సెల్‌ఫోను తెర యెండకు అద్దమైపోవును గాని, ఈ సిరా వెలవెలబోదు.

ఇక తెలుగు మాట. 2016లో అమెజాన్ సంస్థ కిండిల్‌కై హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ గ్రంథముల విక్రయ మారంభించెను. ఆ యైదింటిలో తెలుగు లేదు. మన పాతపుస్తకములు పెక్కు పుటల ఛాయాచిత్రములుగానే లభించుచున్నవి. నేను 1949 నాటి సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ఆరంగుళముల తెరపై తెరచితిని. వత్తులు చీమలవలె గనబడెను. పెంచినచో పంక్తి తెర దాటిపోయెను. అట్టి పుటలకు పది యంగుళముల తెర కావలెను.

యూనికోడు పాఠమైనచో నీ చిక్కు లేదు. అక్షరమును ఎంత పెంచినను పంక్తి తానే సర్దుకొనును. కంటి శుక్లములకు శస్త్రచికిత్స జరిగిన మా అత్తగారు, ఒకరిచేత చదివించుకొను అవసరము లేక, కథలు తామే చదువుకొనుచున్నారు. ఇది స్వల్పలాభము కాదు.

అయినను నమ్మకము సంగతి విచారింపవలసియున్నది. 2009లో అమెజాన్ వారు, హక్కుల వివాదము కారణముగా, జార్జ్ ఆర్వెల్ నవలలను కొన్నవారి కిండిళ్లనుండి దూరముననే యుండి తొలగించిరి. 2019లో మైక్రోసాఫ్ట్ వారు తమ పుస్తకవిక్రయశాలను మూసివేయగా, కొన్నవారికి సొమ్ము తిరిగి వచ్చెను. పుస్తకములు మాత్రము పోయెను. గూటిలోని గ్రంథమునకు చెదపురుగు భయమే గాని, అమ్మినవాడు వచ్చి కొనిపోవునను భయము లేదు.

కావున చదువరులు యంత్రము వెలను మాత్రమే చూడరాదు. తాళము వేయని ఈపబ్ ప్రతులను తెరచునా, తెలుగు వత్తులను సరిగా చూపునా యని దుకాణముననే పరీక్షింపవలెను. కొన్న ప్రతి నింటి కంప్యూటరులోను దాచుకొనవలెను. ప్రచురణకర్తలను యూనికోడు ప్రతులకై అడుగవలెను. అడుగనివారికి ఛాయాచిత్రములే మిగులును.