సింహాసనానికి నాలుగు చక్రాలు

లాడ్‌బజార్ గాజుల గలగలలు దాటి మోతీగల్లీ వైపు మళ్లితే చాలు... చార్మినార్ దగ్గరి రద్దీ వెనకే ఉండిపోతుంది. చౌమహల్లా ప్యాలెస్ గేటు దాటాక ఆ హారన్లు కూడా వినిపించవు. ఖిల్వత్ ముబారక్ దర్బారులో వేలాడే 19 షాండ్లియర్ల కింద నిలబడి ఫొటోలు దిగాక చాలామంది అక్కణ్నుంచే వెనుదిరుగుతారు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం షాండ్లియర్లను ఓ చూపు చూసి, గబగబా వెనకవైపు ఆవరణలోకి నడుస్తారు. వాళ్లు వచ్చింది అక్కడ అద్దాల వెనక ఉన్న ఓ పసుపుపచ్చ కారు కోసం. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్... 1912 మోడల్!

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చిన కారు ఇది. ఆ ముచ్చట తీరకుండానే 1911లో ఆయన కన్నుమూశాడు. కారు చేతికొచ్చేసరికి గద్దె మీద కొడుకు ఉస్మాన్ అలీఖాన్ ఉన్నాడు. వెనక సీటు మామూలు సీటు కాదు, సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. వీధిలో పోతుంటే జనానికి నవాబుగారు నిండుగా కనపడాలి కదా! అందుకే దీనికి ‘థ్రోన్ కార్’ అనే పేరు స్థిరపడింది. ఇక పసుపు రంగంటారా, అది అసఫ్‌జాహీల జెండా రంగు.

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. ఈ కారును పూర్తిగా రోల్స్ రాయిసే తయారు చేసిందనుకుంటే పొరపాటు. ఆ రోజుల్లో కంపెనీ ఇంజినూ ఛాసిస్సూ మాత్రమే అమ్మేది. పైన ఒళ్లు కట్టేవాళ్లు వేరే. విజయవాడ ఆటోనగర్‌కి ఖాళీ ఛాసిస్ వచ్చి, లారీగా మారి బయటికి పోతుందే... అచ్చం అలాగన్నమాట. ఈ కారుకు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వాళ్లు అంతకుముందు గుర్రపు బగ్గీలు చేసినవాళ్లే. అందుకే కారును పక్కనుంచి చూస్తే గుర్రాలు విప్పేసిన కోచ్‌బండిలా అనిపిస్తుంది.

ఇంతకీ ఇది ఎంత దూరం తిరిగిందో తెలుసా? పుట్టినప్పట్నుంచి మొత్తం కలిపి కొన్ని వందల మైళ్లేనట! హైదరాబాద్‌లో ఓ క్యాబ్ రెండు మూడు రోజుల్లో అంత తిరిగేస్తుంది. కార్లంటే ఇష్టపడేవాళ్ల మధ్య వాదన మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

తిరగని కారు కారే కాదనేది ఒక వర్గం. ఇంజిన్ ఉన్నది నడవడానికి, నడవనప్పుడు అది నాలుగు చక్రాలున్న బీరువా అంటారు వాళ్లు. కదలకుండా ఉంచితే టైర్ల రబ్బరు గట్టిపడుతుంది, పెట్రోలు జిగురుగా మారి గొట్టాల్లో పేరుకుంటుంది, బ్రేకులు పట్టేస్తాయి. కాబట్టి పాత కారుకు అసలైన మందు వారానికోసారి పది కిలోమీటర్లు తిప్పడమేనట. రెండో వర్గానిది ఇంకో మాట. ఇలాంటిది ప్రపంచంలో ఒక్కటే ఉన్నప్పుడు, పాతబస్తీ గల్లీలో ఏ ఆటోనో వచ్చి గీరిందనుకోండి, ఆ పోయిన పెచ్చును ఎవరు తెచ్చిస్తారు? రెండూ నిజమే. అయితే ఈ కారు విషయంలో నా ఓటు రెండో వర్గానికే. తిరగడానికి పుట్టిన కార్లు వేరు. ఇది మాత్రం మొదట్నుంచీ ఊరేగింపు కోసం పుట్టింది, కూర్చున్న మనిషిని చూపించడం దీని పని. ఆ పని ఇప్పటికీ చేస్తూనే ఉంది... కాకపోతే సింహాసనం ఖాళీ!

అద్దం ముందు కాసేపు నిలబడి చెవులు అప్పగిస్తే మంచి కాలక్షేపం. ‘తాతా, దీనికి ఏసీ ఉందా?’ అని ఓ బుడతడి ప్రశ్న. ‘విసరడానికి మనుషులుంటే ఏసీ ఎందుకురా!’ అని తాతగారి జవాబు. కాలేజీ కుర్రాళ్ల బెంగ ఇంకోటి... ‘మామా, ఇది లీటరుకు ఎంత ఇస్తదంటవ్?’

కుర్రాళ్లను నవ్వేసి ఊరుకోవడానికి లేదు. సిల్వర్ ఘోస్ట్ ఇంజిన్ సైజు 7,428 సీసీ మరి! ఆరు సిలిండర్లు. మన మారుతి 800లు తొమ్మిదింటిని కలిపినంత. ఇంత పెద్ద ఇంజిన్ పెట్టింది వేగం కోసం కాదు, చప్పుడు లేకుండా నింపాదిగా లాగడం కోసం. నడుస్తున్న కారు రేడియేటర్ మూత మీద నాణాన్ని నిలువుగా నిలబెట్టినా పడదని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. 1907లో వెండిరంగు వేసిన ఒక కారును లండన్, గ్లాస్గోల మధ్య పదేపదే తిప్పుతూ దాదాపు 15 వేల మైళ్లు నడిపించి చూపారు. ఆ కారు పేరే సిల్వర్ ఘోస్ట్. అంటే వెండి దెయ్యం. చడీచప్పుడూ లేకుండా వస్తుందని ఆ పేరు! తర్వాత ఆ మోడల్ కార్లన్నిటికీ అదే స్థిరపడిపోయింది.

అలాగని అంతా రాజభోగమేమీ కాదు. ముందు చక్రాలకూ బ్రేకులు వచ్చింది 1920ల్లో. అప్పటిదాకా సిల్వర్ ఘోస్ట్‌కి వెనక చక్రాలకే బ్రేకులు. గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. చప్పుడు రాకుండా గేరు వేయడం ఓ విద్య. వెనక కూర్చున్న నవాబుకు ఎంత సుఖమో ముందు కూర్చున్న డ్రైవరుకు అంత కష్టం. ‘లగ్జరీ’ అన్న మాట ఎవరి వైపు నుంచి చెబుతున్నామో చూసుకోవాలి.

అన్నట్టు, నాటి రోల్స్ రాయిస్‌ల గురించి మాట్లాడుతూ చెత్తబండి కథ చెప్పని మనిషి కనపడడు. లండన్ షోరూములో అవమానం జరిగిందని మహారాజుగారు కార్లన్నీ కొనేసి చెత్త ఎత్తడానికి వాడాడని కదా కథ? ఆ మహారాజు ఒకరు చెబితే అల్వార్ రాజు, ఇంకొకరు చెబితే పటియాలా రాజు, మనవాళ్లు చెబితే నిజాం! ఒకే కథ ఇన్ని ఊళ్లలో తిరుగుతోందంటేనే దాని సంగతి అర్థమవుతుంది. కార్ల చరిత్ర కాస్త చదివినవాళ్లెవరూ దీన్ని నమ్మరు. అయినా అడిగి మరీ వింటారు.

ఈ గ్యారేజీ ఇలా కళకళలాడటం వెనక పెద్ద కథే ఉంది. 1967లో ఉస్మాన్ అలీఖాన్ మరణించాడు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. మనవడు ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. ప్యాలెస్‌కు ఆలనాపాలనా కరువైంది. ముకర్రం జా మాజీ భార్య ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని మరమ్మతులు చేయించాక, 2005లో చౌమహల్లా జనం కోసం తెరుచుకుంది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డూ వచ్చింది.

అన్ని కార్లకూ అంత అదృష్టం పట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముందువరకూ మనదేశానికి దాదాపు 800 రోల్స్ రాయిస్‌లు వచ్చాయని ఓ అంచనా. భరణాలు పోయాక జీతాలకే కటకటలాడిన సంస్థానాల్లో కార్లనెవరు చూస్తారు? కొన్ని తుక్కు కిందికి పోయాయి. కొన్ని ఓడలెక్కాయి. 1910లో కలకత్తా వీధుల్లో జనాన్ని హడలగొట్టిన హంస ఆకారపు బ్రూక్ కారును చూడాలంటే ఇప్పుడు నెదర్లాండ్స్ వెళ్లాలి. తర్వాత ప్రభుత్వం మేల్కొని పాతకాలపు కార్ల ఎగుమతికి ఆంక్షలు పెట్టింది. వెళ్లినవాటిలో తిరిగొచ్చినవీ లేకపోలేదు. రాజ్‌కోట్ సంస్థానాధీశుడి 1934 నాటి ఫాంటమ్-2, ‘స్టార్ ఆఫ్ ఇండియా’, దశాబ్దాల తర్వాత 2010లో మళ్లీ ఆ కుటుంబం గూటికే చేరింది. కాషాయరంగు కారది. మనూరి పసుపుపచ్చ కారుకు తోబుట్టువులా ఉంటుంది.

ఇక్కడికి దగ్గర్లోనే పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 1930 నాటి రోల్స్ రాయిస్, ఓ ప్యాకార్డ్, జాగ్వార్ మార్క్-5 ఉన్నాయి. ఆరో నిజాం బట్టల బీరువా కోసం వెళ్లేవాళ్లే అక్కడెక్కువ. కార్ల దగ్గర జనం తక్కువ కాబట్టి తీరిగ్గా చూడొచ్చు. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియం దీనికి పూర్తిగా విరుద్ధం. క్రికెట్ బ్యాటు కారు, బర్గర్ కారు, బూటు కారు... పిల్లలతో వెళితే దాన్ని దాటి రావడం కష్టం.

పాత, కొత్త కార్లలో ఏది గొప్ప అన్న చర్చ ఎప్పటికీ తెమలదు. ఈతరం అభిమానులకు ఇప్పటి రోల్స్ రాయిస్, మెర్సిడెస్ మేబాక్‌లే దేవతా వాహనాలు. తలుపులో దాచిన గొడుగు, లోపలి పైకప్పులో మిణుకుమనే నక్షత్రాల్లాంటి దీపాలు... చెబుతుంటే కళ్లు మెరుస్తాయి వాళ్లకి. పాతతరం పెదవి విరుస్తుంది. కంపెనీ ఇప్పుడు జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ చేతిలో ఉంది కదా, అది రోల్స్ రాయిస్ ఎలా అవుతుందంటుంది. ఈ వాదనలో పస తక్కువ. 2023 నుంచి రోడ్డెక్కిన కరెంటు రోల్స్ రాయిస్ ‘స్పెక్టర్’ మీద విసుక్కునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరైన చార్లెస్ రోల్స్, కంపెనీ పుట్టడానికి నాలుగేళ్లముందు, అంటే 1900లోనే కరెంటు కారును మెచ్చుకున్నాడు. చప్పుడు లేదు, వాసన లేదు, ఛార్జింగ్ కేంద్రాలొస్తే బాగా పనికొస్తుందన్నాడు!

నాకు బలంగా తోచిన వాదన ఇంకోటుంది. వందేళ్లనాటి సిల్వర్ ఘోస్ట్ ఆగిపోతే ఎక్కడ ఆగిందో విప్పి చూసి చెప్పొచ్చు. దొరకని పార్టును లేత్ మీద చేయించొచ్చు. కరిగించిన లోహం పోసి బేరింగు తయారు చేసే ఉస్తాదులు, రేకును సుత్తితో కొట్టి వంపు తెచ్చే పనివాళ్లు ఉన్నంతకాలం దానికి చావులేదు. కోట్లు పోసి కొన్న నేటి కారు నిండా కంప్యూటర్లే. యాభై ఏళ్ల తర్వాత దాని తెర వెలగకపోతే, సాఫ్ట్‌వేర్ ఇవ్వడానికి ఎవరూ మిగలకపోతే? అప్పుడు స్పానరు ఎందుకూ పనికిరాదు. అయితే అటువైపు ఉస్తాదులకూ రోజులు దగ్గరపడుతున్నాయి. వాళ్ల దగ్గర చేరే ‘చోటూ’లు లేరు. చేతిపని నేర్వడానికి పదేళ్లు పడుతుంది, షోరూమ్ సర్వీసు సెంటర్లో మొదటి నెల నుంచే జీతం. ఎవర్ని తప్పుపడతాం?

చట్టం మాత్రం ఈమధ్య పాత కార్లను గుర్తించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని వాహనాలకు ‘వింటేజ్’ హోదా ఇస్తూ 2021 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. నంబర్ ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలుంటాయి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్లకోసారి తిరిగి చేయించుకోవడానికి 5 వేలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, రిపేర్లకు తప్ప రోజూ రోడ్ల మీద తిప్పడానికి వీల్లేదు. బ్రిటన్‌లోని పాతకార్ల క్లబ్బుల లెక్క ఇంకా చాదస్తంగా ఉంటుంది. వాళ్ల ప్రకారం వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైనవే. ఆ లెక్కన మన నిజాం కారు వింటేజ్ కాదు, అంతకంటే పెద్దది... ఎడ్వర్డియన్!

మన చట్టం ప్రకారం చూస్తే, 1970ల మొదట్లో కొన్న అంబాసిడర్లూ ఫియట్లూ కూడా ఇప్పుడు వింటేజే. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. సినిమాల్లో జమీందారు ఇంపాలాలో దిగుతుంటే నోరెళ్లబెట్టి చూసిన తరానికి, ఇంటిముందు అంబాసిడర్ ఉంటే అదే లగ్జరీ. పెళ్లికొడుకు అందులోనే వచ్చేవాడు, పురిటికి అందులోనే ఆస్పత్రికి వెళ్లేవారు. చౌమహల్లా కార్ల ముందు నిలబడిన పెద్దవాళ్లు రోల్స్ రాయిస్‌ను చూస్తూ మాట్లాడుకునేది చాలాసార్లు తమ ఇంటి అంబాసిడర్ గురించే. నంబర్‌తో సహా చెబుతారు. ఎంతకు అమ్మారో చెబుతారు. ఎందుకు అమ్మారో మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు.

చౌమహల్లాకు శుక్రవారం సెలవు. మెట్రోలో వస్తే ఎంజీబీఎస్ స్టేషన్లో దిగి ఆటో పట్టుకోవాలి. సొంత కార్లో మాత్రం వద్దు... చార్మినార్ చుట్టుపక్కల పార్కింగ్ దొరికేసరికి పొద్దుపోతుంది!