నత్తల లెక్క

సముద్రపు నత్తలకూ జనాభా లెక్కలుంటాయంటే మా చుట్టాలంతా నవ్వుతారు. ఉంటాయి మరి! లెక్కపెట్టేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

మేముండేది ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో. అక్కడికి గంట దూరంలో ఉన్న నెల్సన్ బేలో సదరన్ క్రాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టీవ్ స్మిత్ 2013లో 'సీ స్లగ్ సెన్సస్' మొదలుపెట్టారు. ఇందులో పాల్గొనడానికి శాస్త్రవేత్తలే కానక్కర్లేదు. గుల్ల లేని నత్త కనిపిస్తే ఫొటో తీసి, ఏ రోజు, ఎక్కడ, ఎంత లోతులో చూశామో రాసిస్తే చాలు. దేన్నీ ముట్టుకోం.

పడవ కూడా అక్కర్లేదు. పోటు నిండి ప్రవాహం కాసేపు నిలిచే వేళ చూసుకుని, ఫ్లై పాయింట్ ఒడ్డు నుంచే నడిచి నీళ్లలోకి దిగుతాం. ఆరేడు మీటర్ల లోతు. మొదటి పది నిమిషాలూ రాళ్లు తప్ప ఏమీ కనిపించవు. అంతలో స్పాంజి మీద వేలెడు కూడా లేని లేత నీలం ముక్క ఒకటి కదులుతుంది. ఒంటినిండా ఎర్రచుక్కలు, చుట్టూ పసుపు అంచు... అచ్చం పట్టుచీరే! తలమీద రెండు కొమ్ములు, వీపుమీద పువ్వులా విచ్చుకున్న మొప్పలు. దాని పేరు హిప్సెలోడోరిస్ బెన్నెట్టి. గుల్ల లేకపోతేనేం? తాను తినే స్పాంజిలోని విషాన్నే ఒంట్లో దాచుకుంటుంది. జోలికి రావద్దని రంగులతోనే హెచ్చరిస్తుంది.

ఇంతకీ ఈ లెక్కలెందుకు? చాలా నత్తల ఆయుష్షు ఏడాదికి మించదు. అందుకే సముద్రంలో మార్పు వస్తే వీటిలో త్వరగా తెలుస్తుంది. ఉత్తరాన వెచ్చటి నీళ్లలో ఉండాల్సిన రకాలు దక్షిణాదికి వస్తున్నాయని ఇలాంటి లెక్కల్లోనే తేలింది. ఇదే తీరంలో కాలీఫ్లవర్ లాంటి మెత్తటి పగడాల తోటలు చాలావరకూ నాశనమయ్యాయి. పాత కొలతలు ఉండబట్టే ఎంత పోయిందో తెలిసింది. ఏముందో రాసిపెట్టుకోకపోతే ఏం పోయిందో ఎలా తెలుస్తుంది?

ఈ మాట అనుకున్నప్పుడల్లా మా వాల్తేరు గుర్తొస్తుంది. 1845లో అమరావతి శిల్పాలను తవ్వించిన బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్, మన వాల్తేరు ఒడ్డున ఈ నత్తలనూ సేకరించి బొమ్మలు గీయించాడు. వాటి ఆధారంగా ఆల్డర్, హాంకాక్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు 1864లో కొత్త జాతులను లోకానికి పరిచయం చేశారు. అందులో ఒకదానికి పెట్టిన పేరేంటో తెలుసా? 'కళింగ'!

నూట అరవై ఏళ్ల నాటి జాబితా మనకుంది. దాని పక్కన రాసుకోవాల్సిన నేటి లెక్క మాత్రం మనదే. ఈసారి సంక్రాంతికి వెళ్లినప్పుడు, ఆటు వేళ చూసుకుని మా అమ్మాయిని ఆ రాళ్ల దగ్గరికి తీసుకెళ్తాను. ఫొటోలు నేను తీస్తాను, పుస్తకంలో రాసే పని తనది.