కర్తరి యెండలో సైకిలు మీద

ఏనుగుల వీరాస్వామయ్యగారు మన చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరింది 1830 మే 18న. ఆయనకు పల్లకీ, వెంట పెద్ద పరివారం. నాకు పాత సైకిలు, రెండు సీసాల నీళ్ళు. పోవలసిందీ కాశీ కాదు, సూళ్ళూరుపేట. సుమారు 80 కిలోమీటర్లు. అక్కడ మా అక్కయ్య ఉంది. "కర్తరిలో సైకిలేమిట్రా, బస్సులో రారాదూ!" అన్నది. వినలేదు.

తెల్లవారకముందే బయలుదేరాను. పుళల్ చెరువు గాలికి హుషారెక్కి, కారనోడై వంతెన దాటేదాకా కూనిరాగమే. కవరైపేట దగ్గర పంక్చరు గంటన్నర తినేసింది. గుమ్మిడిపూండికే పది దాటింది.

సైకిలు మీద యెండ మోసం చేస్తుంది. తొక్కుతున్నంతసేపూ గాలికి చెమట ఆరిపోతూంటుంది, వేడి తెలియదు. దిగి నిలబడితే ఒక్కసారిగా కారుతుంది. ఆరంబాక్కం దాటి దిగితే నాకు చుక్క చెమట పట్టలేదు. ఒళ్ళు గగుర్పొడిచింది, తారురోడ్డు అలలుగా ఊగింది. లారీ హారను ఎక్కడో దూరాన వినబడింది. చూస్తే పక్కనే పోతున్నది. అప్పుడు భయం వేసింది.

తడ దగ్గర ఒక అవ్వ మజ్జిగ అమ్ముతున్నది. అలవాటుకొద్దీ అరవంలో అడిగాను.

"ఆ అరవమెందుకబ్బయ్యా, ముందు కూచో" అన్నది. నా వాలకంలో తెలుగెక్కడ కనబడిందో! నెత్తిన తడిగుడ్డ వేసి, ఉప్పు మజ్జిగ గుక్కగుక్కగా తాగించింది. లేవబోతే సైకిలు తాళంచెవి కొంగున ముడివేసుకున్నది. నాలుగు దాటితేగాని ఇవ్వలేదు.

పొద్దుగూకే వేళకు సూళ్ళూరుపేట చేరాను. అక్కయ్య ఏమీ అనలేదు. మర్నాడు రైలు టికెట్టు చేతిలో పెట్టింది. సైకిలు ఇంకా వాళ్ళ వసారాలోనే ఉంది.