ఈ రక్తం ఎవరికి?

మీ కాలనీ కుర్రాళ్లు రక్తదాన శిబిరం పెడతామంటున్నారని చెప్పారు కదా, వినగానే సంతోషమేసింది. షామియానా, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి దాకా మాటలు వెళ్లాయన్నారు. మంచిదే. కానీ ఈ రక్తం ఎవరికి, ఎప్పుడు కావాలని ఎవరైనా అడిగారా?

‘అవసరమైనవాళ్లకి’ అంటే సరిపోదండీ. తలసేమియా తీవ్రంగా ఉన్న పిల్లల సంగతే చూడండి. 2 నుంచి 4 వారాలకోసారి వాళ్లకి రక్తం ఎక్కించాల్సిందే. పండగలూ పరీక్షలూ చూసి ఆగేది కాదది. ఈ పిల్లల కోసమే పెడుతున్నామని అనుకుని చూడండి, లెక్కంతా మారిపోతుంది. ఎర్ర రక్తకణాలు చల్లగా దాచినా 35 రోజులు, మహా అయితే 42 రోజులు. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒకే ఆదివారం 300 మందిని పోగేసి, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసెత్తకపోతే, మూడో నెలలో బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లికి మన శిబిరం వల్ల ఒరిగేదేమిటి చెప్పండి? అదే 300 మందిని మూడు జట్లు చేసి నెలకో జట్టును పిలిస్తే? మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి ఇవ్వొచ్చు. నాలుగో నెలకి మొదటి జట్టులో మగవాళ్లు మళ్లీ సిద్ధం!

తేదీ కూడా అంతే. వేసవిలో కాలేజీలు మూసేస్తారు, దాతలు తగ్గిపోతారు. నాయకుడి పుట్టినరోజు కన్నా మే నెలలో ఒక పొద్దున మేలని నేను గట్టిగా చెబుతాను.

అందుకే ఒక నోటు పుస్తకం తెరిచి ఒకే వాక్యం రాయమనండి: ‘మే రెండో ఆదివారం, ఉదయం 8 నుంచి 11 దాకా, పిల్లల వార్డు కోసం 60 యూనిట్లు.’ ఆ 60 తీసుకెళ్లి దాచగలరో లేదో బ్లడ్ బ్యాంక్ వాళ్లని ముందే అడగాలి. వయసు 18 నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. కొందరు తప్పకుండా వెనక్కి వెళ్తారు. కాబట్టి 60 కావాలంటే ఇంకా ఎక్కువమందిని పిలవాలి.

ఆ వెనక్కి వెళ్లేవాళ్ల గురించే నాకు బెంగ. ఎంతో ఉత్సాహంగా వచ్చిన ఆడపిల్లకి ‘రక్తం తక్కువుందమ్మా’ అని చెప్పి పంపేస్తే చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంది. నోటు పుస్తకంలో ఆ మొదటి వాక్యం కిందే ఇంకోటి రాయించండి: ‘హిమోగ్లోబిన్ తక్కువున్న ప్రతి ఒక్కరినీ డాక్టరు దగ్గరికి పంపాలి.’ అప్పుడు ఓ పక్కన ఓపిగ్గా మాట్లాడే మనిషిని, ఒక కుర్చీని, డాక్టరుకి రాసిచ్చే చీటీలని ఏర్పాటు చేయాలని మీకే తోస్తుంది. ఫ్లెక్సీ డబ్బులో కొంత దానికి మళ్లించినా నష్టం లేదు.

శిబిరం ముగిశాక లెక్క చూసుకునేటప్పుడు ఈ రెండు వాక్యాలే ముందు పెట్టుకోమనండి. 60కి ఎన్ని వచ్చాయి, చీటీ తీసుకున్నవాళ్లలో ఎంతమంది డాక్టర్ని కలిశారు, వచ్చే నెల జట్టుకి ఫోన్లు ఎవరు చేస్తారు.